నీళ్లలోకి దిగే ముందు ఏడాది పాటు తాడు పట్టు

ప్రశ్న: అన్నా, నా వయసు ఇరవై నాలుగు. మాది కోనసీమలో కాలువ గట్టు మీది ఊరు. చిన్నప్పటి నుంచీ ఈత వచ్చు. నిరుడు విశాఖలో స్కూబా డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకున్నాను. రెండు నెలల క్రితం పక్క ఊరి ఇంటర్ విద్యార్థి ఒకడు కాలువలో మునిగిపోయాడు. విషయం తెలిసి మూడు గంటల తర్వాత అక్కడికి వెళ్లి, గజ ఈతగాళ్లతో పాటు నేనూ దిగాను. వాళ్లది పాతకాలం పద్ధతి. గంటసేపు వెతికినా దొరకలేదు. మర్నాడు ఉదయం నేను వెతికిన చోటుకు పది అడుగుల దూరంలో వేరేవాళ్లకు దొరికాడు. అప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. నలుగురు స్నేహితులం కలిసి స్వచ్ఛంద బృందం ఒకటి పెట్టాలనుకుంటున్నాం. సిలిండర్లు కొనడానికి చందాలు కూడా పోగవుతున్నాయి. అమ్మ మాత్రం ‘శవాలను ముట్టుకునే పని మనకెందుకు’ అంటోంది. నేను తప్పు చేస్తున్నానా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నువ్వు తలపెట్టినది తప్పు కాదు. కానీ ఇప్పుడే నీళ్లలోకి దిగకు, సిలిండర్లు కొనకు. ముందు ఒక మంచి తాడు కొను. ఏడాది పాటు గట్టు మీద నిలబడి దాన్ని పట్టుకో. నిన్ను వెనక్కి లాగాలని ఈ మాట చెప్పడం లేదు. ఇలాంటి స్వచ్ఛంద బృందంలో నేను పద్నాలుగేళ్లు పనిచేశాను. అందులో మొదటి ఏడాదిన్నర నీళ్లలోకి దిగనే లేదు, తాడే పట్టాను. ఈరోజు కూర్చుని నీకు జవాబు రాయగలుగుతున్నానంటే ఆ ఏడాదిన్నరే కారణమని నా నమ్మకం.

ముందు నీ నిద్ర సంగతి మాట్లాడుకుందాం. ‘పది అడుగుల దూరంలో’ అన్న మాట నిన్ను తినేస్తోందని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. నువ్వు చేరేసరికి మూడు గంటలు దాటాయి. మన ప్రాంతపు వెచ్చని నీళ్లలో ఒక మనిషి గంటకు పైగా మునిగి ఉన్నాక ప్రాణంతో బయటపడతాడన్న ఆశ దాదాపు ఉండదు. అనుభవమున్న బృందాలు అక్కడితో రక్షణ పని అయిపోయిందని, ఇక మిగిలింది వెలికితీత పని అని లెక్క వేసుకుంటాయి. నువ్వు దిగిన మొదటి నిమిషంలోనే నీ చేతికి తగిలి ఉన్నా ఆ పిల్లవాడు బతికేవాడు కాదు. ఇది నిన్ను ఓదార్చడానికి అల్లిన మాట కాదు, మునక గురించి వైద్యులకు తెలిసిన విషయం.

ఇంకొకటి. ‘నేను వెతికిన చోటు’ అని రాశావు. ఆ చోటు ఏదో నీకు నిజంగా తెలుసా? కన్ను కనిపించని పారే నీళ్లలో తాడు లేకుండా దిగినవాడికి తాను ఎక్కడెక్కడ తడిమాడో తెలియదు. తిన్నగా వెళుతున్నాననే అనుకుంటాడు. పై నుంచి చూసేవాళ్లకు మాత్రం వాడి బుడగలు ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తాయి. కాలువలో నా మొదటి సాధనలో నేనూ అలాగే తిరిగాను. ఇరవై నిమిషాలు కాలువ అడుగంతా జల్లెడ పట్టానని పొంగిపోతూ పైకి వచ్చాను. తాడు పట్టిన పెద్దాయన గట్టు మీది బురదలో కర్రతో నేను తిరిగిన దారి గీసి చూపించాడు. అది ఒక ఎడ్లబండి పట్టేంత జాగా. కాబట్టి నువ్వు ఆ పిల్లవాణ్ణి చూడకుండా వదిలేయలేదు. నువ్వు అక్కడికి చేరనే లేదు. లోటు నీ చేతుల్లో లేదు, నడుముకు తాడు లేకపోవడంలో ఉంది.

విశాఖ సముద్రంలో నీకు నేర్పింది చూస్తూ ఈదడం. పక్కవాడు కనిపిస్తాడు, చేతి సైగలు కనిపిస్తాయి, చేపలు కనిపిస్తాయి. మన కాలువల్లో ముక్కు ముందు పెట్టుకున్న చేయి కూడా కనిపించదు. లైటు వేస్తే పాలలో టార్చి వేసినట్టే. అక్కడ వేళ్లే కళ్లు. అడుగున మెత్తటి పూడిక, అందులో తుమ్మ కంప, పగిలిన సీసాలు, గాజు పగిలిన దేవుడి పటాలు, నిమజ్జనమైన విగ్రహాల ఇనుప చువ్వలు, గుర్రపుడెక్క వేళ్ల దుబ్బులు, ఎవరో వదిలేసిన వల. వల అన్నిటికంటే చెడ్డది. అది తగిలినట్టు తెలిసేసరికే సిలిండరు మెడకు చుట్టుకుని ఉంటుంది. తిరిగి చూసే కొద్దీ ఇంకా బిగుస్తుంది. కత్తి ఒకటి కాదు, రెండు ఉండాలి. రెండు చేతులకూ అందే చోట్ల ఉండాలి.

అక్కడ నిన్ను బయటి లోకంతో కలిపేది తాడు ఒక్కటే. గట్టు మీదివాడు ఒక చోట కదలకుండా నిలబడతాడు. దిగినవాడు తాడును బిగువుగా ఉంచుకుంటూ ఈ ఒడ్డు వైపు నుంచి ఆ వైపుకు విల్లు గీసినట్టు తడుముకుంటూ వెళతాడు. చివరకు చేరగానే గట్టు మీదివాడు మూరెడు తాడు వదులుతాడు. దిగినవాడు మళ్లీ వెనక్కి తడుముతూ వస్తాడు. ఇలా మూర మూర చొప్పున నేల మొత్తం చేతి కిందికి వస్తుంది. ఒకసారి లాగితే బాగున్నావా అని, రెండుసార్లు లాగితే తాడు వదలమని, మూడుసార్లు లాగితే పైకి వస్తున్నానని మా బృందంలో గుర్తులు పెట్టుకున్నాం. నాలుగుసార్లు లాగితే ప్రమాదం. మీరు వేరే గుర్తులు పెట్టుకున్నా ఫరవాలేదు, నిద్రలో లేపి అడిగినా అందరూ ఒకే జవాబు చెప్పాలి.

తాడు పట్టడం ఊరికే నిలబడడం కాదు. దిగినవాడు ఏ నిమిషంలో దిగాడు, ఎంత తాడు పోయింది, బుడగలు ఎంత వేగంగా వస్తున్నాయి అన్నవన్నీ వాడు చూడాలి, పుస్తకంలో రాయాలి. బుడగలు గబగబా వస్తున్నాయంటే కింద మనిషి భయపడుతున్నాడు లేదా అలసిపోతున్నాడు. ఆ సంగతి దిగినవాడికంటే ముందు తాడు పట్టినవాడికే తెలుస్తుంది. గాలి లెక్క చూడు. పన్నెండు లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి ఉంటుంది. నిమ్మళంగా ఉన్న మనిషి ఒడ్డున నిమిషానికి ఇరవై లీటర్లు పీలుస్తాడనుకో, రెండు గంటలు వస్తుంది. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు, కాబట్టి అదే గాలి గంటలో అయిపోతుంది. చీకట్లో, బురదలో, గుండె దడదడలాడుతూ రెట్టింపు పీల్చేవాడికి అరగంట. అందులోనూ మూడో వంతు దాచుకునే పైకి రావాలి. దిగినవాడికి ఈ లెక్క గుర్తుండదు. గుర్తుంచుకునే పని తాడుది.

అందుకే అడుగుతున్నాను. మీ నలుగురిలో ఎవరు తాడు పడతారు? ఒకడు దిగితే ఇంకొకడు పూర్తిగా సిద్ధమై, నడుముకు వేరే తాడు కట్టుకుని ఒడ్డున కూర్చోవాలి. మొదటివాడికి ఏమైనా అయితే వెంటనే దిగేది వాడు. ఒక్కొక్కరికీ ఒక తాడుమనిషి. ఇక్కడికే నలుగురు అయిపోయారు. సాక్షులతో మాట్లాడేవాడు, జనాన్ని అదుపు చేసేవాడు, నిర్ణయాలు తీసుకునే పెద్ద ఎవరు? ఎనిమిది మంది లేనిదే మా బృందం ఎప్పుడూ కదలలేదు. నలుగురే ఉన్న రోజు వెళ్లలేమని చెప్పేవాళ్లం. ఆ మాట చెప్పడం కష్టం, అయినా చెప్పాలి.

వెళ్లలేమని చెప్పాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. లాకులు, తూములు, ఆనకట్ట గేట్లు. గేటుకు అటు నీటిమట్టం ఎక్కువ, ఇటు తక్కువ ఉన్నప్పుడు సందు ఎంత చిన్నదైనా అది మనిషిని లాగి అదిమిపెడుతుంది. మట్టంలో తేడా మూడు మీటర్లు ఉండి, అడుగున్నర పొడవు అడుగున్నర వెడల్పు ఉన్న సందుకు నీ ఒళ్లు అడ్డుపడితే నీ మీద ఆరు వందల కిలోలకు పైగా బరువు పడినట్టే. ఎంతటి గజ ఈతగాడైనా దాన్నుంచి విడిపించుకోలేడు, తాడుతో లాగినా రాడు. పైన నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, అదే మోసం. గేట్లు పూర్తిగా మూసి, రెండు వైపులా మట్టం సమానమైందని నీటిపారుదల శాఖ సిబ్బంది చెప్పి, గేటు దగ్గర మన మనిషి ఒకడు కాపలా కూర్చునే దాకా అక్కడ ఎవరూ దిగకూడదు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడిన మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఇరవై నలుగురిని, వాళ్ల వెంట వెళ్లిన యాత్రా నిర్వాహకుణ్ణి పై నుంచి వదిలిన లార్జీ డ్యామ్ నీళ్లు ఎలా తీసుకుపోయాయో ఇక్కడి తల్లిదండ్రులు ఎవరూ మరిచిపోలేదు. ఎగువన గేటు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోకుండా దిగేవాడికీ అదే గతి పట్టవచ్చు.

కచ్చులూరు నీకు గుర్తుండే ఉంటుంది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో గోదావరిలో పర్యాటక బోటు మునిగింది. ఆ రోజు ప్రాణాలతో బయటపడ్డవాళ్లను ఒడ్డుకు చేర్చింది ముందుగా తమ పడవలు వేసుకుని వచ్చిన ఆ ఊరివాళ్లే. బోటు మాత్రం రెండు వందల అడుగులకు పైగా లోతున, సుడిగుండాలు తిరిగే చోట ఉండిపోయింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి దాన్ని అక్టోబర్ 22న, ముప్పై ఎనిమిదో రోజున పైకి తీసింది. ఆ బృందం సాహసం గురించి అందరూ చెబుతారు. నేను నీకు చూపించాలనుకుంటున్నది వేరొకటి. నది ఉద్ధృతి పెరిగినప్పుడు వాళ్లు పని ఆపేశారు. ఒడ్డున అయినవాళ్లు ఏడుస్తున్నా, టీవీ కెమెరాలు చూస్తున్నా ఆపేశారు. నీళ్లు తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు. నాకు వాళ్లలో అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఆ ఆగడమే.

నీ ఉత్తరంలో ఒక చోట గజ ఈతగాళ్ల గురించి ‘పాతకాలం పద్ధతి’ అన్న ధోరణి కనిపించింది. ఆ మాట మనసులోంచి తీసెయ్. ఏ రేవులో సుడి ఎటు తిరుగుతుందో, ఏ వంపు దగ్గర పూడిక పేరుకుంటుందో, మునిగినవాడు ఏ తుంగ దుబ్బు దగ్గర తేలతాడో వాళ్లకు తెలిసినంత నీ సిలిండరుకు తెలియదు. మన నీళ్ల వెచ్చదనానికి సాధారణంగా రెండు మూడు రోజుల్లో దేహం దానంతట అదే తేలుతుంది. వాళ్లు ఆ లెక్క చూసుకునే రాత్రి పూట దిగకుండా దిగువన పడవ వేసుకుని కాపలా కాస్తారు. మీరు ఉచితంగా చేస్తామంటూ వెళ్లి వాళ్ల నోటి దగ్గర కూడు తీయవద్దు. మా బృందం ఏ కుటుంబం దగ్గరా రూపాయి ముట్టలేదు. కానీ ఊపిరి బిగబట్టి దిగే ఆ మనిషికి ప్రభుత్వం కూలి ఇవ్వాలని అధికారులను అడుగుతూనే వచ్చాం. నువ్వూ అడుగు. వెళ్లిన ప్రతి ఊరిలోనూ ముందు వాళ్లలో పెద్దవాడి దగ్గరకు వెళ్లి, మేము ఏ పని అందుకోమంటారు అని అడుగు.

నీళ్లలోకి దిగే ముందు ఒడ్డున చేయాల్సింది చాలా ఉంటుంది. చూసినవాణ్ణి, చూసినప్పుడు నిలబడిన చోటే మళ్లీ నిలబెట్టి వేలితో చూపించమనాలి. ఆ చూపు దిక్కున గట్టు మీద రెండు కర్రలు పాతాలి. ఇంకో సాక్షిని విడిగా అడిగి ఇంకో రెండు కర్రలు పాతాలి. రెండు చూపులూ కలిసే చోట నుంచి వెతుకులాట మొదలవుతుంది. పిల్లలు చూసి ఉంటే వాళ్ల పక్కన, వాళ్ల ఎత్తున కూర్చుని అడుగు. పెద్దవాళ్ల మధ్య నిలబెట్టి అడిగితే పెద్దవాళ్లు చెప్పిందే చెబుతారు.

పోలీసులకు చెప్పకుండా ఎప్పుడూ దిగవద్దు. నీళ్లలో దొరికిన ప్రతి మరణానికీ పంచనామా ఉంటుంది. ఎక్కడ, ఏ లోతులో, ఏ సమయానికి, ఏ స్థితిలో దొరికిందో రాసి ఇవ్వాలి. ఒంటి మీది గొలుసు, జేబులోని ఫోను దేన్నీ కదపకూడదు. వీలైతే నీటి అడుగునే సంచిలో పెట్టి తీసుకురావాలి. వీలుకాకపోతే నీటిలో ఉండగానే దుప్పటి కప్పాలి. కొక్కెం వేసి లాగే దృశ్యం తల్లి కళ్లలో పడకూడదు. ఫోను కెమెరాలను ఆపడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టుకో.

ఒడ్డున ఉన్న కుటుంబంతో మాట్లాడే పని మీలో అందరికంటే నెమ్మదస్తుడికి ఇవ్వు. దొరుకుతాడని మాట ఇవ్వకూడదు. ఎక్కడి దాకా వెతికామో, ఇంకా ఎక్కడ వెతుకుతామో గంటకోసారి వెళ్లి చెప్పాలి. ఒక చెరువు దగ్గర ఒక తండ్రి కొడుకు చెప్పులు ఒళ్లో పెట్టుకుని రోజంతా కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం నేను తాడు చుట్టుకుంటుంటే పక్కకు వచ్చి, ‘నీళ్లు బాగా చల్లగా ఉన్నాయా బాబూ?’ అని అడిగాడు. పైన చల్లగానే ఉన్నాయి, అడుగున అంతకంటే చల్లగా ఉన్నాయి. లేదండీ, వెచ్చగానే ఉన్నాయి అన్నాను. పద్నాలుగేళ్లలో నేను తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే.

ఆ మాట చాలా కాలం నాతోనే ఉంది. మీ బృందం కూడా ఇలాంటివి మోయాల్సి వస్తుంది. పని అయిన రోజు రాత్రే అందరూ ఒక చోట కూర్చుని అన్నం తినండి. ఏం జరిగిందో వరసగా చెప్పుకోండి. ఎవరికైనా నెల దాటినా నిద్ర రాకపోతే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాలి, అందులో సిగ్గేమీ లేదు. నీకు ఇప్పటికే రెండు నెలలైంది. ఈ వారమే వెళ్లు. దక్షిణ కొరియాలో 2014 ఏప్రిల్‌లో సెవోల్ ఓడ మునిగి 304 మంది చనిపోయినప్పుడు, పౌర డైవర్లు తమంతట తాముగా వెళ్లి ఆ చీకటి గదుల్లోంచి పిల్లల్ని మోసుకొచ్చారు. ఇద్దరు డైవర్లు ఆ పనిలోనే చనిపోయారు. మిగిలినవారిలో కొందరిని ఎముకల జబ్బు, పీడకలలు ఏళ్ల తరబడి వదల్లేదు. మంచి మనసు ఉన్నవాళ్లకే ఇది ఎక్కువగా తగులుతుంది.

ఇక మీ అమ్మగారు. ఆమెతో వాదించకు. ఆమె మైల అంటున్నది నిజానికి భయం. నిన్ను కూడా ఒక రోజు అలాగే పైకి తీస్తారేమోనన్న భయం ఆ మాట వెనకాల ఉంది. నువ్వు దిగడం లేదని, ఏడాది పాటు గట్టు మీదే ఉంటావని ముందు చెప్పు. తర్వాత ఇంకో సంగతి చెప్పు. దేహం దొరకని ఇంట్లో కర్మ చేయాలా వద్దా అని పురోహితుణ్ణి అడుగుతూ ఉంటారు. ఆచూకీ లేని మనిషిని చట్టం చనిపోయినట్టుగా భావించాలంటే మామూలుగా ఏడేళ్లు చూడాలి. ఆ ఏడేళ్లూ తలుపు చప్పుడైనప్పుడల్లా ఆ తల్లి లేచి చూస్తుంది. మీ అమ్మగారికి ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. బయటే స్నానం చేసి, బట్టలు బయటే తడిపి లోపలికి రమ్మని ఆమె అంటే తప్పకుండా పాటించు. వైద్యులూ అదే చెబుతారు. ఆ నీళ్లలో మురుగు ఉంటుంది, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంటుంది. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్ టీకాలు దిగేవాళ్లే కాదు, తాడు పట్టేవాళ్లూ వేయించుకోవాలి. తర్వాతి వారాల్లో జ్వరం వస్తే ఏ నీళ్లలో పనిచేశావో డాక్టరుకు చెప్పు.

మొదలు ఎక్కడ అన్నావు. కలెక్టరు కార్యాలయంలో విపత్తుల నిర్వహణ చూసే విభాగానికి వెళ్లి ఆపద మిత్ర శిక్షణ గురించి అడుగు. వరదల్లాంటి విపత్తులు వచ్చే ప్రాంతాల్లో స్థానికులకు ప్రభుత్వం ఇస్తూ వచ్చిన పన్నెండు రోజుల శిక్షణ అది. మునిగినవాడికి శ్వాస ఇవ్వడం నలుగురూ నేర్చుకోండి. మన ఊళ్లలో ఇప్పటికీ కడుపు నొక్కి, గిరగిరా తిప్పి నీళ్లు కక్కిస్తారు. అది ప్రాణం తీస్తుంది. ముందు కావాల్సింది నోట్లోకి ఊపిరి, ఆ తర్వాత ఛాతీ నొక్కడం. పోగైన చందాల్లోంచి మీ ఊరి ప్రతి రేవులోనూ ఒక తాడు, దానికి కట్టిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా వేలాడదీయండి. మునుగుతున్నవాడికి ఒడ్డు నుంచే విసరవచ్చు, ఎవరూ దూకనక్కర్లేదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. కోత అయిన పొలానికి నలుగురూ వెళ్లండి. మీ అమ్మగారి పాత గాజు ఒకటి అడిగి తీసుకుని, మీకు తెలియకుండా ఇంకెవరి చేతనైనా గడ్డిలో పారవేయించండి. ఒకడి కళ్లకు గంతలు కట్టి, నడుముకు తాడు కట్టి, మోకాళ్ల మీద మూర మూర చొప్పున వెతికించండి. మాటలు ఉండకూడదు, తాడు గుర్తులే. గాజు దొరకడానికి ఎంతసేపు పట్టిందో, ఆ రోజు తాడు ఎవరు పట్టారో నాకు రాయి.